బియ్యం ఏడాది ఉంటాయి, అన్నం పూట దాటదు: వండినవి పాచిపోకుండా చూసుకునే పద్ధతి

మొలగొలుకులు కానీ బీపీటీ కానీ, నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఏడాది మాగిన పాత బియ్యానికే గిరాకీ. అవే బియ్యం పొద్దున పదకొండుకు వండి, మూతపెట్టి గట్టు మీద వదిలేస్తే, రోహిణి కార్తెలో రాత్రి భోజనాల వేళకు అన్నం జిగటగా అయి వాసన మొదలవుతుంది. కందిపప్పు డబ్బాలో ఆరు నెలలుంటుంది, ముద్దపప్పు సాయంత్రం దాకా ఆగదు. సలసలా ఉడికించి క్రిముల్ని చంపిన తర్వాత కూడా ఎందుకిలా అవుతుందో తెలిస్తే, ఏది ఎంతసేపు ఎలా ఉంచాలో మీకే తట్టుతుంది.

మొదటి కారణం నీళ్లు. ఎండబెట్టిన బియ్యంలో తేమ నూటికి 12 నుంచి 14 వంతులే. ఆ కొద్ది నీరు కూడా గింజను అంటిపెట్టుకుని ఉంటుంది కాబట్టి బాక్టీరియాకు అందదు. అందుకే బియ్యానికి పురుగు పడుతుంది కానీ బియ్యం పాచిపోవు. కిలో బియ్యం వండితే దాదాపు మూడు కిలోల అన్నమవుతుంది. పెరిగిన బరువంతా నీళ్లే. అంటే అన్నంలో మూడింట రెండు వంతులు నీళ్లు.

రెండోది మెత్తదనం. పచ్చి గింజలో పిండిపదార్థం గట్టిగా బిగుసుకుని ఉంటుంది. ఉడికాక అది ఉబ్బి విచ్చుకుంటుంది. మనకు అరగడానికి ఏది వీలో, బాక్టీరియాకూ అదే వీలు. వంకాయ, బంగాళాదుంప, అరటికాయ కోసిన తర్వాత కూడా కొన్నాళ్లు బతికే ఉంటాయి. తొక్క, దాని మీది మైనపు పొర, గట్టి కణాల గోడలు వాటికి కాపు. ఉడకబెట్టగానే ఆ కాపు మొత్తం పోతుంది. కోడిగుడ్డు ఇంకా మంచి ఉదాహరణ. పచ్చి గుడ్డు తెల్లసొనలో బాక్టీరియాను చంపే లైసోజైమ్ అనే పదార్థం ఉంటుంది, పెంకు మీద సన్నని పొర ఉంటుంది. ఉడికిస్తే రెండూ దెబ్బతింటాయి. అందుకే పచ్చి గుడ్లు బయట రోజుల తరబడి ఉంటాయి, ఉడికినవి ఫ్రిజ్‌లో పెట్టినా వారం లోపల తినేయాలి.

మూడోది చాలామంది పట్టించుకోనిది. పచ్చి దినుసు మీద రకరకాల సూక్ష్మజీవులు ఉండి ఒకదాన్నొకటి పెరగనివ్వవు. వండినప్పుడు అవన్నీ చస్తాయి. కలుపు తీసి, దుక్కి చేసి, నీళ్లు పెట్టిన మడిలాంటిది వండిన గిన్నె. ముందు ఏ విత్తనం పడితే ఆ పంటే. కాచిన పాలు గోరువెచ్చగా ఉన్నప్పుడు తోడు వేస్తే పెరుగవుతుంది. వేయకుండా వదిలేస్తే ఏ క్రిమి ముందు చేరిందో దాన్నిబట్టి విరిగిపోతాయి, చేదెక్కుతాయి.

నాలుగోది, అసలు ప్రమాదం ఇక్కడుంది: ఉడికించినప్పుడు అన్నీ చావవు. మట్టి నుంచి బియ్యానికీ పప్పులకూ మసాలా దినుసులకూ అంటుకుని వచ్చే బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా, గట్టి పెంకు కట్టుకుని సిద్ధబీజాలుగా మారి నిద్రపోతుంది. మరిగే నీళ్లు, అంటే 100 డిగ్రీలు, వాటిని చంపలేవు సరికదా ఆ వేడికే అవి మేలుకుంటాయి. అన్నం చల్లారుతూ గోరువెచ్చగా అయ్యేసరికి మొలకెత్తి పెరగడం మొదలుపెడతాయి. పోటీ లేదు, నీళ్లున్నాయి, మెత్తటి ఆహారముంది. అనువైన వెచ్చదనంలో బాక్టీరియా ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతుందనుకుంటే, పన్నెండింటికి ఒక్కటి ఉన్నచోట సాయంత్రం ఆరుకి 2,62,144 ఉంటాయి. ఐదూ నలభైకి అందులో సగమే. ఆఖరి అరగంట ఆలస్యం మొదటి మూడు గంటల కంటే ఎక్కువ చేటు చేస్తుందని దీన్నిబట్టి అర్థం చేసుకోండి.

అలాగని పచ్చివన్నీ ఎక్కువ కాలం ఉంటాయని కాదు. చేపలు, రొయ్యలు, మాంసం, పాలు వండక ముందే నీటితో నిండి ఉంటాయి. వాటిని కాపాడే ప్రాణం పోయింది. వాటి విషయంలో వండినవే ఎక్కువ సేపు ఆగుతాయి. కాబట్టి "వండితే త్వరగా చెడుతుంది" అన్న మాట ధాన్యాలకు, పప్పులకు, కూరగాయలకు, గుడ్లకు వర్తిస్తుంది.

వేడి ఉన్నంతసేపు, చల్లారేటప్పుడు

గుర్తుంచుకోవాల్సిన అంకెలు రెండే: 60 డిగ్రీలు, 5 డిగ్రీలు. 60 పైన బాక్టీరియా పెరగదు. 5 కింద చాలా నెమ్మదిస్తుంది. మధ్యలో ఉన్నంతసేపే భయం. 60 డిగ్రీలంటే వేలు పెట్టి ఉంచలేనంత వేడి. "ఇంకా వెచ్చగానే ఉందిలే" అనిపించే 45 డిగ్రీలే కొన్ని బాక్టీరియాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు.

పొయ్యి మీంచి దించాక గిన్నె 60 నుంచి 21 డిగ్రీలకు రెండు గంటల్లో, అక్కణ్ణుంచి 5కి మరో నాలుగు గంటల్లో దిగాలి. మేలో ఒంగోలులోనో నెల్లూరులోనో వంటగది మధ్యాహ్నం 38, 40 ఉన్నప్పుడు గట్టు మీద పెట్టిన గిన్నె 21కి ఎప్పటికీ రాదు. దాన్ని మనమే దించాలి.

అన్నం మిగులుతుందని తెలిస్తే, వడ్డించడం అయ్యేదాకా ఆగకుండా మిగిలే వంతును ముందే వేరుచేయండి. వెడల్పు పళ్లెంలోనో స్టీలు ట్రేలోనో రెండు అంగుళాల మందానికి మించకుండా పరవండి. ఫ్యాను కింద పావుగంట, ఇరవై నిమిషాలు ఉంచితే ఆవిరి పోతుంది. ఆ కాసేపు పైన పల్చటి పొడిబట్టో చిల్లుల మూతో చాలు. వేడి మీదే బిగుతు మూత పెడితే ఆవిరి చుక్కలుగా మారి పైపొర మీద పడుతుంది, మొదట జిగట వచ్చేది అక్కడే. ఆవిరి పోయాక మూత ఉన్న డబ్బాలోకి తీసి ఫ్రిజ్‌లో పెట్టండి. గోరువెచ్చగా ఉన్నా ఫరవాలేదు. పూర్తిగా చల్లబడాలని రాత్రి దాకా బయట ఉంచడం కంటే అదే మేలు. మరీ పెద్ద గిన్నె వేడివేడిగా పెడితే మాత్రం లోపలున్న పాలు, పెరుగు కూడా వేడెక్కుతాయి.

పప్పు, సాంబారు, కూర అయితే గిన్నెను నీళ్ల బేసిన్‌లో నిలబెట్టి శుభ్రమైన పొడి గంటెతో ఐదు నిమిషాలకోసారి కలపండి. ఇక్కడొక చిక్కుంది. ఎండాకాలం మధ్యాహ్నం డాబా మీది ట్యాంకు నీళ్లు చేతికే చురుక్కుమంటాయి, వాటిలో పెడితే ఏం చల్లారదు. పొద్దునే పట్టి నీడలో ఉంచిన బిందె నీళ్లో, ఫ్రిజ్‌లోంచి తీసిన రెండు ట్రేల ఐసు ముక్కలో వాడాలి. బేసిన్‌లో నీళ్లు గిన్నె లోపలి పప్పు మట్టం దాకా రావాలి. నీళ్లు వేడెక్కగానే మార్చాలి.

వార్చిన అన్నం పొడిగా ఉంటుంది కాబట్టి అత్తెసరు అన్నం కంటే కాస్త ఆగుతుంది. తేడా గంటో రెండు గంటలో, అంతకుమించి నమ్మొద్దు. రైస్ కుక్కర్‌ను వేడిగా ఉంచే బటన్ మీద ఉంచితే అన్నం 60 పైనే ఉంటుంది. కరెంటు పోతే మాత్రం అది మూతపెట్టిన వెచ్చటి గిన్నె అయిపోతుంది, బాక్టీరియాకు అంతకంటే మంచి చోటు లేదు. హాట్‌బాక్స్ కూడా అంతే. అది వేడిని నిలబెడుతుంది, కొత్తగా వేడి చేయదు. పొద్దున ఎనిమిదికి నింపింది పన్నెండున్నరకల్లా తినేయాలి.

ఫ్రిజ్‌లో అన్నం ఒక రోజు, పప్పు, కూరలు రెండు రోజులు, చారు మూడు రోజులు. ఎంత తినాలో అంతే బయటికి తీసి, ఆవిరి కక్కేదాకా వేడిచేయండి. లోపల మధ్యలో 75 డిగ్రీలు రావాలి. వేడిచేసింది మళ్లీ ఫ్రిజ్‌లోకి పోకూడదు.

"మళ్లీ మరిగిస్తే పోతుందిలే"

ఈ నమ్మకం వల్ల వాంతులతో ఆసుపత్రుల పాలయ్యేవాళ్లున్నారు. మరిగిస్తే బాక్టీరియా చస్తుంది. అది అప్పటికే అన్నంలోకి వదిలిన విషం పోదు. బాసిల్లస్ సీరియస్ వదిలే వాంతుల విషం 121 డిగ్రీల దగ్గర గంటన్నర ఉడికించినా చెక్కుచెదరదు. ఇంట్లో ప్రెషర్ కుక్కర్ వేడి దాన్ని మించదు. ఈ విషం ఉన్న అన్నం తిన్న అరగంట నుంచి ఆరు గంటల లోపల వాంతులు మొదలవుతాయి. దానికి రంగు, వాసన, రుచి ఏమీ ఉండవు. ముక్కుకు పట్టే కంపు వేరే క్రిములది. కంపు కొడితే పారేయాల్సిందే, కొట్టకపోతే మంచిదని మాత్రం కాదు.

అయితే పూటపూటకీ చారు, పులుసు మరిగించి దాచే పాత పద్ధతి తప్పా అంటే, వేళకు చేస్తే తప్పు కాదు. ఐర్లండ్‌లో పుట్టిన శాస్త్రవేత్త జాన్ టిండాల్ 1877లో చూపించింది దాదాపు ఇదే. ఒక్కసారి మరిగిస్తే సిద్ధబీజాలు మిగులుతాయి, అవి మేలుకుని మొలకెత్తాక మళ్లీ మరిగిస్తే చస్తాయి. కిటుకంతా వేళలోనే ఉంది. మొలకెత్తాక, పెరిగి విషం వదలక ముందే మరిగించాలి. ఎండాకాలంలో ఆ గడువు మూడు నాలుగు గంటలే. పొద్దున కాచి మళ్లీ రాత్రి పదికి మరిగిస్తే ఆలస్యమైపోయినట్టే.

పులుపు చేసే మేలు

నెల్లూరు చేపల పులుసు మర్నాడే రుచి అని అందరికీ తెలుసు. అది మర్నాటిదాకా నిలబడేది చింతపండు వల్ల. పులుపు పెరిగేకొద్దీ దాన్ని కొలిచే పిహెచ్ అనే అంకె తగ్గుతుంది. 4.6 కంటే దిగితే ప్రమాదకరమైన సిద్ధబీజాల్లో చాలా వరకు మొలకెత్తలేవు. అందుకే గోంగూర పప్పు, మామిడికాయ పప్పు, చింతచిగురు పప్పు ముద్దపప్పు కంటే మెరుగ్గా ఆగుతాయి. ముద్దపప్పులో పులుపు లేదు, మాంసకృత్తులు ఎక్కువ, చిక్కగా ఉండి వేడిని వదలదు. నిలవ చేయడానికి అన్నిటికంటే పనికిరానిది అదే. ఏ పూటకా పూటే వండుకోండి.

పులుసు మర్నాటికి ఉంచాలంటే చేప దగ్గరే మొదలుపెట్టాలి. కనగర్తలు, కవళ్లు, వంజరం, తూర లాంటివి వేడిలో ఉంటే వాటి కండలో హిస్టమిన్ పుడుతుంది. ఒళ్లంతా ఎర్రబడి దద్దుర్లు, తలపోటు తెచ్చేది అదే. ఎంత వండినా అది పోదు, చింతపండు కూడా దాన్ని తీసేయలేదు. రేవులో కొన్న చేపకు ఎండాకాలంలో కిలోకి కిలో ఐసు వేసి ఇంటికి తెచ్చుకోండి. పేగులు, మొప్పలు వెంటనే తీయండి. వండేటప్పుడు చింతపండు రసం చిక్కగా తీసి, అది బాగా మరిగాకే ముక్కలు వేయాలి. పచ్చి మామిడికాయ ముక్కలు వేస్తే పులుపు ఇంకాస్త పెరుగుతుంది. దించాక గంటె పెట్టకండి. చట్టి అంచులు గుడ్డతో పట్టుకుని గుండ్రంగా తిప్పితే పులుసు కలుస్తుంది, ముక్క విరగదు, బయటి క్రిమి లోపలికి పోదు. ఆ పూటకు కావలసింది వేరే గిన్నెలోకి వంచుకుని మిగతా చట్టిని కదపకుండా ఉంచండి. చలికాలమైతే రాత్రంతా బయట ఆగుతుంది. మార్చి నుంచి జూన్ దాకా మాత్రం పడుకునే ముందు ఒకసారి మరిగించి, ఆవిరి పోయాక ఫ్రిజ్‌లో పెట్టాల్సిందే. మట్టి చట్టి చాలాసేపు వెచ్చగా ఉంటుంది కాబట్టి స్టీలు గిన్నెలోకి మార్చి పెడితే త్వరగా చల్లబడుతుంది. కళాయి లేని ఇత్తడిలో, అల్యూమినియంలో పులుసు నిలవ ఉంచొద్దు, పులుపు ఆ లోహాన్ని తినేస్తుంది.

చద్దన్నానికీ ఈ పులుపే కాపు, కాకపోతే అక్కడ దాన్ని బాక్టీరియా చేతే పుట్టిస్తాం. ఎక్కువ మంది రాత్రి నీళ్లు మాత్రమే పోసి పొద్దున మజ్జిగ కలుపుకుంటారు. రాత్రే కలపడం మంచిది. పూర్తిగా చల్లారిన అన్నం రెండు గ్లాసులైతే, మునిగి పైన రెండు వేళ్లు నిలిచేలా కాచి చల్లార్చిన నీళ్లు పోసి, నాలుగు చెంచాల పుల్ల మజ్జిగ వేసి కలపండి. మజ్జిగలోని లాక్టిక్ బాక్టీరియా ముందుగా చేరి పులుపు పుట్టిస్తుంది, వేరేవి తలెత్తవు. ఎనిమిది, పది గంటల్లో తినేయాలి. ఉక్కపోత రాత్రుల్లో ఆరేడు గంటలు చాలు. సాయంత్రానికే జిగట వచ్చిన అన్నంలో నీళ్లు పోసినంత మాత్రాన అది చద్దన్నం కాదు.

ప్రయాణాలకు, తిరునాళ్లకు మూట కట్టేటప్పుడు ఇదే లెక్క. వైశాఖంలో పెంచలకోన వెళ్లేవాళ్లు, రొట్టెల పండగకు స్వర్ణాల చెరువు దగ్గర రోజంతా ఉండేవాళ్లు చింతపండు పులిహోర కట్టుకోవడం సరైన పని. చింతపండు గుజ్జును నూనెలో నూనె పైకి తేలేదాకా ఉడికించి, బాగా ఆరబోసిన అన్నంలో కలపాలి. నిమ్మకాయ పులిహోర అంతసేపు ఆగదు. చేత్తో కాకుండా గంటెతో కలపండి. మన చర్మం మీద, ముక్కులో, వేళ్ల మీది పుండ్లలో ఉండే స్టాఫిలోకోకస్ అనే బాక్టీరియా వండిన అన్నంలో పడితే అదీ మరిగినా పోని విషమే వదులుతుంది. ఎంగిలి చెయ్యి గిన్నెలో పెట్టొద్దన్న పెద్దల మాట అక్షరాలా పాటించదగ్గది. ఇడ్లీకి కారప్పొడి, నూనె రాసి తీసుకెళ్లండి. కొబ్బరి చట్నీ ప్రయాణానికి వద్దు.

పెద్ద గిన్నెల సంగతి

పెళ్లిళ్లలో జరిగే ఇబ్బంది ఇంటి గిన్నెల్లో కనిపించదు. మందం రెట్టింపైతే మధ్యభాగం చల్లారడానికి దాదాపు నాలుగింతల సమయం పడుతుంది. రెండు అంగుళాల పళ్లెం అరగంటలో చల్లారితే, అడుగు లోతున్న డేగిసాలో అన్నం నడిమి పొర మర్నాడు తెల్లారినా వెచ్చగానే ఉంటుంది. పైన చల్లగా తగులుతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

మాంసం ఉన్న బిర్యానీ, కూర అయితే క్లాస్ట్రీడియం పెర్ఫ్రింజెన్స్ అనే ఇంకోటి తోడవుతుంది. అది గాలి లేనిచోట పెరుగుతుంది. ఉడికేటప్పుడు గాలంతా బయటికి పోయిన లోతైన డేగిసా అడుగు దానికి అనువైన చోటు. 43 నుంచి 47 డిగ్రీల మధ్య పది నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. తిన్న ఎనిమిది నుంచి పదహారు గంటలకు కడుపులో మెలిపెట్టే నొప్పి, విరేచనాలు వస్తాయి. రాత్రి విందు తిన్నవాళ్లు మర్నాడు పొద్దున బాధపడతారు కాబట్టి తప్పు పొద్దున తిన్న టిఫిన్ మీదికి పోతుంది.

వంటమేస్త్రీతో ముందే రెండు మాటలు మాట్లాడండి. ఒకటి, రాత్రి ఎనిమిదికి భోజనాలైతే మధ్యాహ్నమే మాంసం వండి పెట్టొద్దు. తప్పనిసరైతే సన్న సెగ మీద 60 పైన ఉంచాలి, బొగ్గులు మూత మీద మాత్రమే పెడితే అడుగు చల్లబడుతుంది. రెండు, మిగిలింది డేగిసాలో వదలకుండా వెంటనే వెడల్పు బేసిన్లలోకి తీయాలి. డిజిటల్ థర్మామీటర్ ఒకటి కొని మేస్త్రీ చేతికివ్వడం వృథా ఖర్చు కాదు. అనాథాశ్రమానికో హాస్టల్‌కో ఇవ్వదలిస్తే వేడిగా ఉన్నప్పుడే, భోజనాలు పూర్తికాకముందే ఫోన్ చేసి పంపాలి. అర్ధరాత్రి దాకా ఉంచి ఇచ్చేది దానం కాదు.

ఫ్రిజ్ లేనప్పుడు, కరెంటు లేనప్పుడు

తడి ఇసక మీద కుండ పెట్టి తడిగుడ్డ కప్పే పద్ధతి మార్కాపురం, గిద్దలూరు వైపు పొడి గాలిలో బాగా పనిచేస్తుంది. కావలి, కొత్తపట్నం లాంటి తీరం ఊళ్లలో గాలిలోనే తేమ ఎక్కువ కాబట్టి గుడ్డ ఆరదు, గిన్నె చల్లబడదు. ఎక్కడైనా సరే, ఈ పద్ధతిలో 5 డిగ్రీలు రావు. రెండు మూడు గంటలు కలిసొస్తాయి, అంతే.

తుపాన్ల కాలంలో, 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పటిలా కరెంటు పోతే, తలుపు తీయకుండా ఉంచిన ఫ్రిజ్ నాలుగు గంటలు చల్లగా ఉంటుంది. నిండుగా ఉన్న ఫ్రీజర్ రెండు రోజులు, సగం నిండింది ఒక రోజు. తుపాను హెచ్చరిక రాగానే ఖాళీ జాగాలో నీళ్ల సీసాలు పెట్టి గడ్డకట్టించుకోండి. నాలుగు గంటలు దాటితే ముందుగా పారేయాల్సినవి అన్నం, పప్పు, మాంసం కూరలు, కొబ్బరి వేసినవి. ఆవకాయ, గోంగూర పచ్చడి, పులిసిన పెరుగు ఉంటాయి.

పాచిపోయినదాన్ని గుర్తించడం కష్టం కాదు. పప్పు మీద చిన్న బుడగలు, గంటె ఎత్తితే తీగ సాగడం, అన్నం మెతుకు వేళ్ల మధ్య జారడం, చట్నీ పొంగినట్టుండటం. వీటిలో ఒక్కటి కనిపించినా రుచి చూడొద్దు. పిల్లలు, గర్భిణులు, ముసలివాళ్లు ఉన్న ఇంట్లో అనుమానం చాలు.

పారేసేది బర్రె కుడితిలో పోసేటప్పుడు కూడా కొలత ఉండాలి. విందులో మిగిలిన అన్నం ఒకేసారి బక్కెట్లకొద్దీ పెడితే పశువు పొట్టలో ఆమ్లం పెరిగి ఉబ్బరం వస్తుంది, నెమరు ఆగుతుంది, ఒక్కోసారి ప్రాణం పోతుంది. అలవాటు లేని పశువుకు రెండు మూడు దోసిళ్లకు మించి పెట్టొద్దు. బూజు పట్టిందైతే అసలు పెట్టొద్దు. మిగతాది పేడ దిబ్బలో గుంట తీసి కప్పెట్టేయండి, పశువులు, కుక్కలు తవ్వకుండా పైన అడుగు మందం మట్టి ఉండాలి.